రేకు పలచన, మనిషి పలచన

(1931 మార్చి 30న వాడపల్లి రథోత్సవంలో జరిగిన పోలీసు కాల్పుల మృతుల స్మృతిలో, వాడపల్లిలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక మాట అన్నారు: "ఆ రోజు ఏం జరిగిందో మా ఊళ్లో చిన్నపిల్లలక్కూడా తెలుసండి. మీరు మీకు తెలిసిన విషయమే చెప్పండి." నాకు తెలిసిన విషయం నిఘంటువులు. తెలుగు మాటనూ ఇంగ్లీషు మాటనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎక్కడిదాకా కలిసి నడుస్తాయో, ఎక్కడ దారులు చీలతాయో చూసుకోవడం నా వ్యాపకం. ప్రాణాలు పోయిన మనుషుల పేరిట జరిగే సభలో ఒక విశేషణం పట్టుకుని గంటసేపు మాట్లాడతానంటే కొందరికి ఎబ్బెట్టుగా ఉండవచ్చు. నేను ఎంచుకున్న మాట ఆ రథోత్సవానికి మరీ అంత దూరం కాదని మనవి చేసుకుని మొదలుపెడతాను.

ఆ మాట ఇంగ్లీషులో 'థిన్'.

బడిపిల్లల్ని అడిగితే కొందరు 'సన్నని' అంటారు, కొందరు 'పలచని' అంటారు. ఇద్దరికీ మార్కులు వేయాల్సిందే. కానీ కాగితం సన్నగా ఉందని ఎవరూ అనరు, దారం పలచగా ఉందనీ అనరు. ఈ విషయంలో తెలుగుకి కొలతల పట్టింపు జాస్తి. పరుచుకుని ఉండేదానికి మందం తక్కువైతే పలచన. పొడుగ్గా సాగి ఉండేదానికి లావు తక్కువైతే సన్నం. అట్టు, కాగితం, తగరపు రేకు పలచన. దారం, తీగ, పుల్ల, నడుం, సందు, చివరికి గొంతు కూడా సన్నం. సన్ననేత చీర అంటాం కదా అని మీరు అడగవచ్చు. అక్కడ సన్నం నూలుపోగుది, పలచన చీరది. నేతగాడు ఆ రెండింటినీ ఎప్పుడూ కలిపెయ్యడు.

పాలు, మజ్జిగ, పులుసు లాంటివి చిక్కదనం తప్పితే మళ్లీ పలచనే. గుంపుగా ఉండాల్సినవి ఎడమెడంగా ఉంటే అదీ పలచనే: నడివయసు దాటినవాడి జుట్టు, ఎడంగా నాటిన ఊడుపు, జనం. వాడపల్లి వారికి ఈ చివరిది వేరే చెప్పక్కర్లేదు. ఏడు శనివారాల మొక్కు చెల్లించుకోడానికి వచ్చేవాళ్లతో శనివారం ఈ వీధులు కిటకిటలాడతాయి. ఆదివారానికి జనం పలచబడతారు. ఆ మాటలో నింద ఏమీ లేదు. సందు దొరికిందన్న ఊరటే ఎక్కువ.

మనిషి ఒంటి దగ్గరికొచ్చేసరికి తెలుగు కాస్త తడబడుతుంది. సన్నటి మనిషి అంటాం. బక్క మనిషి అంటే కొంచెం జాలి కలుస్తుంది. ఉత్త 'పలచటి మనిషి' కూడా వింటాం కానీ, ఎక్కువగా దానికి ముందు ఇంకో మాట తగిలిస్తాం: బక్కపలచటి మనిషి. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

ఇక్కడే ఇంకో తమాషా. చిక్కని పాలంటే పలచన కానివి. మనిషి చిక్కిపోయాడంటే సన్నబడ్డాడు. గేదె చిక్కిపోతే పాలు చిక్కగా ఉండవు. పరాయి భాషవాడికి ఈ వాక్యం చెప్పి అర్థం చేయించడానికి నేను పడిన తిప్పలు ఇక్కడ వద్దులెండి.

ఇంగ్లీషు థిన్‌కి మన ఇంట్లోనే ఒక చుట్టం ఉంది. సంస్కృతంలో 'తను' అంటే సన్నని అని అర్థం, శరీరమనీ అర్థం. తన్వి అంటే సన్నని ఒంటిదని. లాటిన్‌లో అదే అర్థమున్న 'తెనుయిస్' కూడా ఈ వంశంలోదే. వీటి మూలధాతువుకి సాగదీయడం అని అర్థం. సాగదీస్తే ఏదైనా పలచబడుతుంది, సన్నబడుతుంది. తంతువు, తంత్రి అక్కడినుంచి వచ్చినవే. అంటే మన ప్రబంధకవులు నాయికను తన్వి అని పొగిడినప్పుడు, లండన్‌లో దర్జీ గుడ్డ థిన్‌గా ఉందని పెదవి విరిచినప్పుడు, ఇద్దరి నోటా ఒకే తాతగారి మనవలు పలుకుతున్నారన్నమాట. ఒక మనవడికి పొగడ్త, ఇంకో మనవడికి ఈసడింపు.

ఈ పలచదనం పొగడ్త కావడానికి కావ్యాల దాకా పోనక్కర్లేదు. ఇదే మండలంలో, ఆత్రేయపురంలో, పలచదనాన్ని వండుతారు.

పూతరేకు ఎలా తీస్తారో మీకు నేను చెప్పడం కాకికి ఎగరడం నేర్పినట్టే. అయినా ఉపన్యాసం అచ్చులోకి వెళ్తుంది, దూరపువాళ్లూ చదువుతారు కాబట్టి రెండు మాటలు. బియ్యం నానబెట్టి రుబ్బుతారు. జయ రకం బియ్యం దీనికి బాగుంటుందంటారు. పిండిని పాలలా జారేంతగా నీళ్లు పోసి కలుపుతారు. ఈ పనికోసమే చేసిన కుండను బోర్లించి, దానికింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తారు. కొబ్బరాకు మంట గప్పున లేచి గప్పున తగ్గుతుంది, చెయ్యి చెప్పినట్టు వింటుంది. కర్రల మంటతో ఆ సౌలభ్యం రాదు. పలచటి గుడ్డముక్కను పిండిలో ముంచి, వేడెక్కిన కుండ మీద పరిచినట్టే పరిచి లాగేస్తారు. కుండ వీపున పూత నిలుస్తుంది. కళ్లు మూసి తెరిచేలోగా ఆరి, అంచు లేస్తుంది. ఆ అంచు పట్టుకుని ఒలిచేస్తారు. పూత పూసి తీసిన రేకు, కాబట్టి పూతరేకు. దానికి రుచి అంటూ పెద్దగా ఉండదు. తరవాత తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతలు వేసినప్పుడే అది మిఠాయి అవుతుంది.

ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. ఎండలు మండే వేసవిలో కూడా ఆ కుండ ముందే కూర్చుంటారు. వాళ్ల నైపుణ్యమంతా ఒక్క గుణంలో ఉంది: రేకు ఎంత పలచగా వస్తే పనితనం అంత గొప్పది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతల మనిషి మొహం కనిపించాలి. మందంగా వచ్చిందా, అది అప్పడం అవుతుంది కానీ పూతరేకు కాదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసిన తయారీదారుల సంక్షేమ సంఘం పెట్టుకున్న పేరు సర్ ఆర్థర్ కాటన్‌ది. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయన తెచ్చిన నీటికి పండిన వరి, వరి నుంచి పిండి, పిండి నుంచి రేకు. కోనసీమలో ఏ కథ ఎత్తుకున్నా మధ్యలో ఎక్కడో కాటన్ దొర తగులుతాడు.

రేకు అనే మాటలోనే పలచదనం ఉంది. పూరేకు, రాగిరేకు, ఇంటికప్పు రేకు. తిరుమల సంకీర్తన భాండారంలో అన్నమయ్య పాటల్ని వందల ఏళ్లు కాపాడినవి రాగిరేకులే. పలచనిది నిలవదని ఎవరన్నారు?

ఎవరన్నారంటే, తెలుగే అన్నది. నా ఉపన్యాసంలో ముడి ఇక్కడుంది. రేకు పలచగా వస్తే మురిసిపోయే ఆ ఇంట్లోనే, "అప్పు అడిగి వాళ్లముందు పలచన కావడం ఎందుకు?" అంటారు. "నలుగురిలో నన్ను పలచన చెయ్యకు" అంటారు. "పిల్లాడి మాటల వల్ల మేం పలచనైపోయాం" అంటారు. తమ చేతుల్లో అంత విలువైన గుణం, మనుషుల మధ్యకు వచ్చేసరికి అంత తలవంపు ఎలా అయింది?

ఒక జవాబు సులువుగా తోస్తుంది. పూతరేకు పండగ వస్తువు. పాలు రోజువారీ వస్తువు. ఒక మాటకు లోకవ్యవహారంలో అర్థం స్థిరపడేటప్పుడు అరుదైనదాని అనుభవం కంటే రోజూ మోసపోయే అనుభవానిదే పైచేయి. పాలల్లో నీళ్లు కలిపితే పలచన, పులుసు ఆరుగురికి చేసింది పదిమందికి సరిపెడితే పలచన, గుడ్డ నాలుగు ఉతుకులకు పలచన. ఉండాల్సినది ఉండకపోవడం, ఉన్నట్టు కనిపించి మోసం చేయడం. ఇదంతా నా ఊహే, దీనికి శాసనాధారం ఏదీ చూపించలేను. కానీ చిక్కని స్నేహం, చిక్కటి కవిత్వం, చిక్కటి మీగడ అని ఎదురుమాటకు వచ్చిన మన్నన చూస్తే ఈ ఊహ దారి తప్పలేదనిపిస్తుంది.

ఈ జవాబు నాకు పూర్తిగా చాలదు. పాలు పలచబడాలంటే ఎవరూ చూడక్కర్లేదు. అర్ధరాత్రి నీళ్లు పోసినా అవి పలచనే. మనిషి సంగతి అలా కాదు. గది తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చున్నవాడు ఎంత తప్పు పని చేసినా పలచన కాడు. పాపి అవుతాడేమో, దొంగ అవుతాడేమో, పలచన మాత్రం కాడు. పలచన కావాలంటే ఇంకొకరు కావాలి. వాక్యంలో చూడండి, ఆ ఇంకొకరు తప్పనిసరిగా ఉంటారు: నలుగురిలో, వాళ్లముందు, వియ్యాలవారి దగ్గర, ఊళ్లో. పాలకూ మనిషికీ మాట ఒకటే అయినా, పాలలో పలచదనం పాలలోనే ఉంటుంది. మనిషి పలచదనం ఎదుటివాడి కంట్లో ఉంటుంది.

ఇంగ్లీషు థిన్‌కి ఈ రెండో సగం పుట్టనేలేదు. ఇంగ్లీషులో ఒక సాకు థిన్, ఒక సాక్ష్యం థిన్, ఒక ముసుగు థిన్, ఎన్నికల్లో ఆధిక్యం థిన్. అన్నిచోట్లా ప్రశ్న ఒకటే: ఇది ఆగుతుందా? బరువు పెడితే విరుగుతుందా, వెలుతురులో పెడితే గుట్టు బయటపడుతుందా? పలచటి మంచు మీద నడుస్తున్నాడనే వాళ్ల నానుడిలో కూడా భయం కాలికింద ఉంది, చుట్టూ నిలబడ్డవాళ్ల మొహాల్లో లేదు. గోదావరి ఎన్నడూ గడ్డకట్టలేదు కాబట్టి ఆ నానుడి మనకు దిగుమతి కాలేదు. అలాంటి చోట మనం కత్తిమీద సాము అంటాం.

థిన్ సాకుని తెలుగులో పలచటి సాకు అంటే ఎవరూ నవ్వరు, అలాగని ఎవరికీ అర్థమూ కాదు. పస లేని సాకు అనాలి, డొల్ల వాదన అనాలి. పస అంటే సారం. డొల్ల అంటే లోపల బోలు. కొబ్బరికాయ సీమవాళ్లకి డొల్ల అంటే ఏమిటో కాయ చెవి దగ్గర ఊపిచూస్తే తెలుస్తుంది. ఇంగ్లీషువాడు వాదనను గుడ్డలా వెలుతురుకి పట్టి చూస్తాడు, మనం కాయలా ఊపి వింటాం. రెండు పరీక్షలూ నమ్మదగినవే.

చర్మం సంగతి ఇంకొంచెం వింత. చిన్నమాటకే నొచ్చుకునేవాణ్ని ఇంగ్లీషు పలచటి చర్మంవాడంటుంది, ఏమన్నా పట్టించుకోనివాణ్ని మందపు చర్మంవాడంటుంది. రెండోది మనకూ ఉంది. తోలు మందం అంటాం, దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటాం. మొదటిది మాత్రం లేదు. నొచ్చుకునేవాడు మన దగ్గర ఉడుకుమోతు అవుతాడు, సున్నితమైన మనిషి అవుతాడు. పలచటి తోలు మనిషి అని ఎవరూ అనరు. దున్నపోతులను దగ్గరగా చూసినవాళ్లకి మందపు తోలు కనిపించింది. సగం పోలిక తీసుకుని మిగతా సగం వదిలేయడంలో ఏ భాషకీ మొహమాటం ఉండదు.

కష్టసుఖాల్లో విడవకుండా తోడుండడాన్ని వాళ్లు 'థిక్ అండ్ థిన్'లో తోడుండడం అంటారు. అక్కడ థిక్, థిన్ అన్నవి చెట్లు. దట్టమైన పొదల్లోంచి, పలచటి అడవిలోంచి గుర్రాలు దూసుకుపోవడం. పధ్నాలుగో శతాబ్దపు చివర్లో చాసర్ కథల్లోనే ఆ జంట కనిపిస్తుంది. ఆ అడవులు ఎప్పుడో పోయాయి, మాట మిగిలింది.

కొన్ని మాత్రం మనం ఎత్తుకొచ్చేశాం. "భక్తికీ మూఢత్వానికీ మధ్య సన్నని గీత ఉంది" అని రోజూ పత్రికల్లో చదువుతున్నాం. ఇది అచ్చమైన ఇంగ్లీషు పోలికే, తెలుగు చొక్కా తొడుక్కుంది. దీన్ని తరిమికొట్టాలనే పెద్దలున్నారు. నేను వారితో లేను. గీత పొడుగ్గా సాగేది కాబట్టి అనువదించినవాడు సన్నని అన్నాడు, పలచని అనలేదు. అప్పు తెచ్చుకున్నా తెలుగు కొలత తప్పలేదు. అది చాలు.

ఇప్పుడు 1931కి వస్తాను.

ఆ ఏడు మార్చి 5న గాంధీ ఇర్విన్ ఒడంబడిక జరిగింది. ఉప్పు సత్యాగ్రహంలో జైళ్లకు వెళ్లినవాళ్లు తిరిగొస్తున్నారు. మార్చి 23న లాహోరులో భగత్ సింగ్‌నీ, రాజగురునీ, సుఖదేవ్‌నీ ఉరితీశారు. నెలాఖరులో కరాచీలో కాంగ్రెస్ మహాసభలు. అదే సమయానికి ఇక్కడ చైత్రమాసపు కల్యాణోత్సవం, రథోత్సవం. జనం స్వామివారి రథం మీద గాంధీ బొమ్మ పెట్టారు. పోలీసులు తీసెయ్యమన్నారు. జనం వినలేదు. తుపాకులు పేలాయి.

ఒక పటం. దాని బరువెంత? ఆ రథం లాగే మోకులకు అది తెలియను కూడా తెలియదు. పాతిక రోజుల కిందట, వైస్రాయి ఎదురుగా కూర్చుని సంతకం చేసిన మనిషి పటం అది. ఆ పటం రథమెక్కితే శాంతిభద్రతలకు ఏం ముప్పని ఈవేళ మనకు అనిపిస్తుంది. ఆనాటి దొరతనానికి శాంతిభద్రతలకంటే ముందు ఇంకో దిగులు ఉండేది. కొద్దిమంది అధికారులు కోట్ల మందిని ఏలాలంటే సైన్యం ఒక్కటే సరిపోదు. ఏలేవాడి ముందు జనం కళ్లు దించుకోవాలి. దాన్ని వాళ్లు ప్రెస్టీజ్ అనేవారు. ఆ మాటకు మన వాడుకలో సరైన విలోమం ఏదని చాలాకాలం వెతికాను. అవమానం అంటే సరిపోదు. అవమానం ఒక సంఘటన. ఓటమి అంతకంటే సరిపోదు, ఎవరూ యుద్ధం చేయలేదు. తీసెయ్యమన్నప్పుడు అంతమంది ఎదుట వినకపోవడం వల్ల ఆ అధికారి అయింది పలచన. రథోత్సవం అంటే ఊరంతా, చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకేచోట నిలబడి ఒకేవైపు చూసే సందర్భం. పలచన కావడానికి అంతకంటే అనువైన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ కళ్లముందు మళ్లీ మందంగా కనిపించాలంటే ఆ అధికారికి తుపాకీ తప్ప మరేదీ తోచలేదు.

ఇది నా వ్యాఖ్యానం, అంతే. ఆనాటి కాగితాల్లో కారణాలు వేరే మాటల్లో రాసుకుని ఉంటారు. కాగితాల్లో ఏ ప్రభుత్వమూ మేం పలచనైపోయాం కాబట్టి కాల్చాం అని రాయదు.

గాంధీని తెలుగువాళ్లు వర్ణించేటప్పుడు నాలుక చివర ఉండే మాట ఏది? బక్కపలచని మనిషి. పాఠ్యపుస్తకాల్లో, బుర్రకథల్లో, వేదికల మీద, అదే. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. ఆ బక్కపలచన పూతరేకు పలచన లాంటిది, ఒంటికి సంబంధించినది. సామ్రాజ్యం భయపడిన పలచన ఇంకో రకానిది. మొదటి పలచదనం ఉన్న మనిషి బొమ్మను చూసి రెండో పలచదనం భయంతో తుపాకీ ఎత్తారని ఇంగ్లీషులో ఒక్క మాటతో చెప్పలేం. థిన్ సగం దారిలో ఆగిపోతుంది.

ఇంగ్లీషుకి ఆ రెండో దారి అసలు తెలియదనుకుంటే పొరపాటు. థిన్‌కి తెలియదు, దాని పొరుగున ఉన్న 'స్లైట్'కి తెలుసు. స్లైట్ అంటే మొదట నున్నని, చదునైన అని. తరవాత సన్నని, బలహీనమైన. ఆ తరవాత క్రియగా మారి ఒకరిని లెక్కచేయకపోవడం, చిన్నచూపు చూడడం. పలచన చెయ్యడానికి దీటైన మాట అదే. అనువాదకులు థిన్ అనే వాకిలి ముందు నిలబడి తలుపు కొడుతుంటారు, పనికొచ్చే మనిషి పక్కింట్లో ఉంటాడు.

మనకి కూడా పక్కిళ్లున్నాయి. చులకన అంటే మొదట బరువు లేకపోవడం, తరవాత మర్యాద లేకపోవడం. తేలికా అంతే, "నన్ను తేలిగ్గా తీసిపారేశాడు" అంటాం. గౌరవం దీనికి సరిగ్గా ఎదురు కాటాలో ఉంది. గురువు అంటే బరువైనవాడు, గురుత్వమే గౌరవం. కాటా ఒకటి, జల్లెడ ఒకటి, మనిషి విలువ తేల్చడానికి తెలుగు రెండూ వాడుతుంది. చులకనకీ పలచనకీ తేడా ఉందా అని ఒక మిత్రుడు అడిగారు. ఉందనే అనుకుంటాను. చులకన ఎదుటివాడు చేసే పని, నా తప్పు లేకపోయినా నన్ను చులకన చేయగలడు. పలచన కావడంలో చాలాసార్లు నా చెయ్యి కూడా ఉంటుంది: అడక్కూడనిది అడిగాను, అనకూడనిది అన్నాను, వెళ్లకూడనిచోటికి పిలవకుండా వెళ్లాను.

సన్నం సంగతి కొంచెం చూసి ముగింపుకి వస్తాను. బియ్యంలో సన్నం అంటే పైమెట్టు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, సన్న బియ్యానికి పేరు తెచ్చింది. మన గోదావరి జిల్లాల పొలాల్ని అంతకు నాలుగేళ్ల ముందు మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ ఏలింది. తెలంగాణలో రేషన్ దుకాణాల్లో దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం రావడం 2025 ఉగాదినాడు ఒక పెద్ద రాజకీయ కార్యక్రమమే అయింది. ఇంట్లో సన్నం వండితే పరువు, దొడ్డు వండితే బీదరికం. ఇప్పుడు కంచం వదిలి లేవండి. దొడ్డ మనసు, దొడ్డ మనిషి, దొడ్డబుద్ధి: అన్నీ పెద్దరికాలే. సన్నకారు రైతు అంటే హెక్టారులోపు, అంటే రెండున్నర ఎకరాలలోపు భూమి ఉన్నవాడు. ఆశ సన్నగిల్లితే విచారం. గింజ దగ్గర పైన ఉన్న మాట మనిషి దగ్గర కిందికి వచ్చింది, కింద ఉన్నది పైకెళ్లింది. సన్నకారు రైతు సన్నాలు పండించి అమ్మి, దొడ్డు బియ్యం తిన్న రోజులు చాలామంది ఇళ్లలో ఉన్నాయి. ఆ వాక్యంలో ఉన్న అన్యాయం ఇంగ్లీషులోకి వెళ్తే ఎంత మిగులుతుందో చెప్పలేను.

ముతక మాత్రం ఏ గొడవా పెట్టదు. ముతక గుడ్డ, ముతక బియ్యం, ముతక హాస్యం. ఇంగ్లీషులో 'కోర్స్' కూడా ఆ మూడిళ్లకీ నడుస్తుంది. అన్ని మాటలూ ఇలా ఉంటే నాకు పనుండేది కాదు.

విద్వాంసులు కూడా ఈ ముడిలో పడ్డారు. అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ గీర్ట్జ్ 1973లో 'థిక్ డిస్క్రిప్షన్' అనే మాటను ప్రచారంలో పెట్టాడు. గిల్బర్ట్ రైల్ అనే తత్వవేత్త దగ్గర ఆయన తీసుకున్నది. ఒకడు కన్ను మూసి తెరిచాడు అని మాత్రమే రాస్తే అది థిన్ వర్ణన. కన్ను అదిరిందా, సైగ చేశాడా, సైగ చేసేవాణ్ని వెక్కిరించాడా, చూసినవాళ్లు ఏమని గ్రహించారు, ఇదంతా కలిపి రాస్తే థిక్ వర్ణన. దీన్ని తెలుగులో సాంద్ర వర్ణన అని సంస్కృతీకరించడం కంటే చిక్కని వర్ణన అనడం నాకిష్టం. పాలు చూసినవాడికి వెంటనే అందుతుంది. అయితే దాని ఎదుటిదాన్ని పలచని వర్ణన అంటే, రాసినవాణ్ని పలచన చేసినట్టుంటుంది. గీర్ట్జ్ ఉద్దేశం అది కాదు. తెలుగులో ఆ మాట అనగానే నలుగురి కళ్లు వచ్చి కూర్చుంటాయి, వాటిని లేపి పంపడం కష్టం.

నిఘంటువుల దగ్గరికి వస్తే, సి. పి. బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడే. ఆ తరవాత ఎన్నో వచ్చాయి. జె. పి. ఎల్. గ్విన్, జె. వెంకటేశ్వర శాస్త్రి సహాయంతో చేసిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1991లో వచ్చింది. అన్నింటికీ నా నమస్కారం, వాటి మీదే బతుకుతున్నాను. కానీ ఒక విశేషణానికి అర్థం రాసేటప్పుడు నిఘంటుకారుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా కోరిక. ఏ వస్తువు పక్కన? ఎవరి ఎదుట? మొదటి ప్రశ్నకు దారి భద్రిరాజు కృష్ణమూర్తిగారు వేశారు. 1962లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంలో రైతుల మాటల్ని పొలాల దగ్గరికి వెళ్లి, ఊళ్లవారీగా పోగుచేశారు. తరవాతి సంపుటంలో చేనేతవారి మాటలు పోగుచేశారు. పంతులుగారు చెప్పిన అర్థం కాకుండా పనిచేసేవాడు చెప్పిన అర్థం అందులో ఉంది. రెండో ప్రశ్నకు మాత్రం ఇంకా ఎవరూ పూనుకోవాల్సే ఉంది.

ఈ సభలో ఆత్రేయపురం నుంచి వచ్చినవారు, రేకులు తీసే ఇళ్లవారు ఉన్నారని విన్నాను. మిమ్మల్ని ఒకటి అడిగి వెళ్తాను. రేకు చాలినంత పలచగా రాకపోతే ఏమంటారు? మరీ పలచనై చేతిలోనే చిరిగితే ఏమంటారు? పిండి పలచబడితే ఒక మాట, గుడ్డ పలచబడితే ఇంకో మాట ఉన్నాయా? కొత్తగా పని నేర్చుకునే కోడలి రేకుని అత్తగారు పదిమందిలో వంక పెట్టేటప్పుడు ఏ మాట వాడుతుంది, ఇద్దరే ఉన్నప్పుడు ఏ మాట వాడుతుంది? మీ ఇళ్లలో చదువుకుంటున్న పిల్లలుంటే ఒక నోటుపుస్తకం పెట్టి, ఎవరు ఎవరితో అన్నారో కూడా పక్కన రాయమనండి. నిర్వాహకుల దగ్గర ఇస్తే నాకు చేరుస్తామన్నారు.